తిరగబడ్డ కొండ

ఆదివారం పొద్దున్నే లేవాలి. బ్రెడ్డు ముక్కల మధ్య ఉడికించిన గుడ్లు పెట్టుకోవాలి, ఫ్లాస్కు నిండా కాఫీ పోసుకోవాలి, కారులో నేషనల్ పార్కుకి వెళ్లి అక్కడి పేరుమోసిన గ్రానైట్ కొండను ఒక్కటంటే ఒక్క ఫొటో తీసుకుని, చీకటి పడేలోగా ఇంటికొచ్చి పడుకోవాలి. ప్లాను ఇంతే. ఇంత చిన్న ప్లానుకి రాత్రంతా కంటి మీద కునుకు లేకుండా దొర్లిన మనిషి ఆ ఇంట్లో ఒకరున్నారు. ఫొటో తీయాల్సింది ఆయనే.

ఆయన్ని వీధిలో అందరూ నవ్వండిగారు అంటారు. స్టూడియోలో కెమెరా వెనక నిలబడి "కొంచెం నవ్వండి, ఇంకొంచెం, అంత వద్దు, ఆఁ చాలు" అని అనీ అనీ ఆ మాటే ఆయనకు పేరై కూర్చుంది. స్టూడియో అంటే పెద్దదేం కాదు. ముందు గదిలో కౌంటరు, ఆ కౌంటరు వెనక ఆయన భార్య. వెనక గదిలో ఒక స్టూలు, కుడిపక్క గొడుగు తగిలించిన పెద్ద లైటు, గోడకి ఈ చివర నుంచి ఆ చివర దాకా వేలాడే తెర. ఆ తెర మీదే ఉంది గ్రానైట్ కొండ. నిట్టనిలువుగా లేచిన బూడిదరంగు రాతిగోడ, దానికి ఒక పక్క పైన పన్ను ఊడినట్టు ఓ నొక్కు, రెండో పక్క పైనుంచి కింది దాకా పొడుగాటి పగులు. ఆ చుట్టుపక్కల కొత్త దంపతులు, పరీక్ష పాసైన పిల్లలు, ఉద్యోగం దొరికినవాళ్లు, రిటైరైనవాళ్లు అందరూ ఆ కొండ ముందు నిలబడి నవ్వినవాళ్లే.

పెళ్లయిన కొత్తలో ఆవిడ మొదటిసారి ఆ గదిలో అడుగుపెట్టి, తెర చూసి, కళ్లు ఇంతింత చేసుకుని, "ఇది మీరే తీశారా?" అని అడిగింది. ఆ కళ్లలోకి చూస్తూ కాదనగలిగే మగవాడు ఇంకా పుట్టలేదు. ఆయన "ఊఁ" అన్నారు. ఊఁతో ఆగినా బాగుండేది. తెల్లవారుజామున చలిలో, దారి పక్కన ఒక బండ మీద నిలబడి, వేళ్లు కొంకర్లు పోతుంటే, వెలుగు కోసం ఊపిరి బిగబట్టి కాచుకున్నానని కూడా చెప్పారు. నిజానికి ఆయన ఆ కొండను అంతవరకు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. తెరను బస్టాండు వెనక సందులో, స్టూడియోలకి తెరలమ్మే షాపులో కొన్నారు. ఆ షాపు కూడా ఎప్పుడో మూతపడింది.

ఇంకొకరి భార్య అయితే ఈపాటి కోతలు విని నవ్వేసి ఊరుకునేది. ఈవిడ ధోరణి వేరు. అబద్ధం ఆవిడ ఒంటికి పడదు. "ఫొటో సరిగ్గా రాలేదండీ" అని ఎవరైనా కౌంటరు దగ్గరికొస్తే, "ఫొటో బాగానే వచ్చిందండీ, మీరే అలా ఉన్నారు" అని నెమ్మదిగా, ప్రేమగా చెబుతుంది. బేకరీలో కొన్న కేకును ఇంట్లో చేశానని చెప్పినందుకు సొంత అక్కతో ఏడాదిగా మాటల్లేవు. కొన్నదాన్ని చేశానని చెప్పుకోవడం ఆవిడ దృష్టిలో దొంగతనం కన్నా కాస్త పెద్ద నేరం. కేకుకే ఏడాదైతే కొండకెంత పడుతుందో నవ్వండిగారు రాత్రిళ్లు లెక్క వేసుకునేవారు. లెక్క తేలేది కాదు. భార్య తనను చూసే ఆ చూపు పోతుందేమోనన్న భయం మాత్రం నిజంగా గుండెల్లో ఉండేది.

వారం కిందట ఎవరో కొత్త పెళ్లికూతురి చెప్పు మడమ తెర అంచున చిక్కుకుని, తెర బర్రున చిరిగింది. ఆవిడ సూదీ దారం తీసుకుని కుట్టబోయి ఆగిపోయింది.

"ఏమండీ, ఇది వెలిసిపోయింది కూడా. మళ్లీ వెళ్లి కొత్తగా తీసుకురాకూడదూ? అదే బండ మీద నిలబడి తీయండి. నేనూ వస్తాను. మీరు నిలబడ్డ చోటు చూడాలని ఎప్పట్నుంచో ఉంది నాకు."

"మోకాలు నొప్పిగా ఉంది," అన్నారాయన.

"కారు పోతుందట కదా అక్కడిదాకా."

"వానలు పడతాయేమో."

"గొడుగు తీసుకెళ్దాం."

అప్పుడే ఆవిడ తమ్ముడు లోపలికొచ్చాడు. అతను భూములు కొలిచే సర్వేయరు. కొలవనిదే దేన్నీ నమ్మడు. పక్కింటివాళ్లు కాఫీ ఇస్తే కప్పు ఎంత లోతుందో ముందు చూస్తాడు. బావగారి తెర వంక ఇన్నేళ్లుగా ఒక కన్ను మూసి చూస్తూ వస్తున్నాడే తప్ప పైకి ఎన్నడూ ఏమీ అనలేదు.

"బావగారూ, ఏ బండో గుర్తుందా మీకు?" అని అడిగాడు.

"ఎప్పటి మాటయ్యా అది. ఆ బండ ఇప్పుడు ఉందో లేదో."

"బండలెక్కడికి పోతాయండీ. మీరేం గుర్తు చేసుకోనక్కర్లేదు. ఈ తెర నాకివ్వండి చాలు. నొక్కు ఎక్కడుంది, పగులు ఎక్కడుంది, మధ్య దూరమెంత అని చూసి, పార్కు మ్యాపు మీద గీతలు కొడితే, ఫొటో తీసినవాడు ఏ చోట నిలబడ్డాడో మూరెడు తేడా లేకుండా తేల్చేస్తాను."

నవ్వండిగారు వెళ్లి తెరకి అడ్డంగా నిలబడ్డారు. భార్య మాత్రం తమ్ముడి వంక మెచ్చుకోలుగా చూసి, తెరను గుండ్రంగా చుట్టడం మొదలుపెట్టింది.

ఆదివారం తెర కారు పైకెక్కింది. కారు కన్నా అది పొడుగు. ముందు చివర అద్దం మీదికి వేలాడుతుంటే నవ్వండిగారు మెడ ఒక పక్కకి వాల్చి నడిపారు. దారి పొడుగునా పంక్చరు కోసం ఎదురుచూశారు. ఎన్నడూ ఊరు దాటని ఆ ముసలి కారు, ఆ రోజు పందెం గుర్రంలా పరిగెత్తి పార్కు గేటు ముందు నిలబడింది.

అయితే కారు దిగగానే ఆయన మొహం వెలిగింది. పార్కునిండా మంచు. ఎదురుగా నిలబడ్డ మనిషి కనపడనంత చిక్కటి మంచు. కొండ ఉండాల్సిన దిక్కున తెల్లటి దూది తప్ప ఏమీ లేదు.

"అయ్యో," అన్నారు ఆయన, వీలైనంత విచారంగా. "ఇంత దూరం వచ్చి... సరే, కాఫీ తాగి బయల్దేరదాం."

"కరుగుతుందిలెండి," అని ఆవిడ చెయ్యి పట్టుకుంది. "ముందు మీ బండ చూపించండి. దారి పక్కనే అన్నారుగా."

తప్పేదేముంది. దారి వెంట కాస్త దూరం నడిచి, మంచులో లీలగా కనపడ్డ ఓ బండ దగ్గర ఆయన ఆగారు. కాసేపు దానివంకే చూస్తూ నిలబడ్డారు. తర్వాత పాత స్నేహితుడి భుజం తట్టినట్టు దాన్ని మెల్లగా తట్టి, "ఇదే," అన్నారు. గొంతు కూడా వణికింది. భయంతో వణికిందని ఆయనకు తెలుసు, జ్ఞాపకాలతో వణికిందని ఆవిడ అనుకుంది. ఆవిడ కళ్లు చెమ్మగిల్లాయి. ఆయన ఇంకోసారి తట్టారు. బండ మూత తెరుచుకుంది. లోపల అరటితొక్కలు, ఖాళీ సీసాలు ఉన్నాయి.

"చెత్తకుండీ అండీ ఇది," అన్నాడు సర్వేయరు వంగి చూసి. "చూడ్డానికి బాగుండాలని బండలా చేసినట్టున్నారు. ప్లాస్టిక్కు."

"ఈ పక్కనే ఎక్కడో ఉండేది," అన్నారాయన చెయ్యి తుడుచుకుంటూ. "దాన్ని తీసేసి ఇది పెట్టుంటారు."

సర్వేయరు బావగారి మొహాన్ని కొలుస్తున్నట్టు చూసి, ఇద్దర్నీ కారు దగ్గరికి తీసుకెళ్లాడు. బానెట్టు మీద మ్యాపు పరిచాడు. తెర ఓ కొస విప్పి స్కేలు పెట్టి కొలిచాడు, గీతలు గీశాడు, చెరిపాడు, మళ్లీ గీశాడు. పెన్సిలు చెవికి దోపుకుని తల గోక్కున్నాడు.

"ఏమైందిరా?" అంది అక్క.

"బావగారు కొండ లోపల నిలబడి ఫొటో తీసినట్టు వస్తోందక్కా."

"లోపలంటే గుహలోనా?"

"గుహ లేదు. గట్టి రాయి. నా లెక్క తప్పదు, మ్యాపు తప్పయ్యుండాలి."

గేటు దగ్గర ఇంకో మ్యాపు తెచ్చి చూసినా బావగారు రాతి లోపలి నుంచి బయటికి రాలేదు. నవ్వండిగారికి కాస్త ఊపిరాడింది. అదే ఊపులో "లెక్కలకి అందని విషయాలుంటాయయ్యా" అని ఓ మాట కూడా అన్నారు. అనకుండా ఉండాల్సింది. సర్వేయరుకి పౌరుషం పొడుచుకొచ్చింది.

"కాగితం మీద కాదండీ. మంచు కరిగాక కొండ పక్కన తెర పెట్టి కళ్లతో పోల్చి చూద్దాం. తాడో పేడో ఇక్కడే తేలాలి."

కొండను చూసే జనం కోసం లోయ అంచున చదునైన చోటుంది. చుట్టూ ఇనుప కమ్మీలు, చివర ఏదో బోర్డు తగిలించడానికి పాతిన రెండు స్తంభాలు. సర్వేయరు ఆ రెండింటికీ తెరను లాగి కట్టాడు. మంచు కరిగేదాకా ముగ్గురూ ఓ బల్ల మీద కూర్చుని గుడ్లూ బ్రెడ్డూ తినసాగారు.

సరిగ్గా అప్పుడు మంచులోంచి ఒక కుటుంబం వచ్చింది. ఎంతో దూరం నుంచి కొండను చూద్దామని వచ్చి, ఏమీ కనపడక మొహాలు మాడ్చుకుని తిరిగిపోతున్నవాళ్లు. తెర చూసి ఆగారు.

"అబ్బ, ఇక్కడ బాగా కనపడుతోందే," అంది ఇంటావిడ.

"గుడ్డండీ అది," అంది నవ్వండిగారి భార్య వెంటనే. "కొండ దాని వెనకాల ఎక్కడో ఉంది, మంచు పోతేగాని కనపడదు."

"ఏదైతేనేమండీ. ఇంత దూరం వచ్చి ఉత్త చేతులతో పోతామా?" అని ఇంటాయన ఫోను తీసి నవ్వండిగారి చేతిలో పెట్టాడు. "కాస్త ఒక ఫొటో తీసిపెట్టండి."

ఫోను చేతిలో పడగానే ఆయన మనిషి మారిపోయారు. ఎదురుగా తన తెర, తెర ముందు కుటుంబం. ఇన్నేళ్ల అలవాటు ఊరుకోనిస్తుందా. "బాబూ, నువ్వు కొంచెం ముందుకి. అమ్మా, గడ్డం దించండి. కొంచెం నవ్వండి, ఇంకొంచెం, అంత వద్దు..." ఫొటో చూసుకుని వాళ్లు మురిసిపోయారు. వాళ్ల వెనక ఇంకో జంట వచ్చి నిలబడింది. జంట వెనక ఓ కాలేజీ బృందం. మంచులో దిక్కుతోచక తిరుగుతున్న జనానికి అక్కడ కొండ దొరుకుతోందన్న కబురు ఆ నోటా ఈ నోటా పాకిపోయింది. కాసేపటికి కారు పార్కింగు దాకా వరస సాగింది.

ఆవిడ వరసను చక్కదిద్దుతూ ప్రతి ఒక్కరికీ ఒకటే మాట చెప్పింది. "ముందే చెబుతున్నానండీ, ఇది గుడ్డ. కింద చిరుగు కూడా ఉంది చూడండి. తర్వాత మమ్మల్ని అనొద్దు." ఎవరూ వెనక్కి పోలేదు. నవ్వండిగారు అన్నీ మరిచిపోయారు. చెత్తకుండీ, మ్యాపు, బావమరిది, బండ ఏదీ గుర్తు లేదు. ఇంత ఆనందంగా ఆయన ఈ మధ్యకాలంలో లేరు.

ఆ ఆనందంలో ఉండగానే వెనక మంచు విడిపోయింది.

ఒక్కసారిగా కాదు. తెర అంచు పైన ముందు ఒక గీతలా కనపడింది, తర్వాత గీత కింద రాయి, రాయి కింద ఇంకా రాయి. కొండ లేచి నిలబడ్డట్టే ఉంది. ఇన్నేళ్లు రోజూ చూసిన కొండే, కానీ ఆయన ఇంత పెద్దదని అనుకోలేదు. ఎండ దాని మీద పడి నెమ్మదిగా కిందికి జారుతోంది. ఆయన చేతిలోని ఎవరిదో ఫోను కిందికి దిగిపోయింది. ఇంత అందమైనదాన్ని చూడకుండానే చూశానని చెప్పుకుంటూ బతికినందుకు ఆయనకు నిజంగా సిగ్గేసింది.

"మొదటిసారి చూస్తున్నట్టు చూస్తారేంటండీ?" అంది భార్య నవ్వుతూ.

ఆయన చేతిలోని ఫోను దాని సొంతదారుకి ఇచ్చేశారు. జవాబు వెతుక్కునే పని తప్పింది, ఎందుకంటే వరసలో గొడవ మొదలైంది. అప్పుడే ఫొటో తీయించుకున్న ఓ రిటైర్డు హెడ్మాస్టరు ఫోను వంక, కొండ వంక మార్చి మార్చి చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసి, నేరుగా వెళ్లి పార్కు రేంజరుని పట్టుకొచ్చాడు.

"ఏమండీ, మీ కొండ తప్పుగా ఉంది."

"కొండ తప్పుగా ఉండటమేంటి సార్?" అన్నాడు రేంజరు. అతనిది ఓపికైన మొహం, పెద్ద మీసం.

"ఇదిగో ఫొటో. ఇందులో నొక్కు ఎడమ పక్కనుంది. మీ దాంట్లో కుడి పక్కనుంది. ఈ పగులు చూడండి, అటు ఉండాల్సింది ఇటుంది. ఇన్నేళ్లు పిల్లలకి కుడి ఎడమలు నేర్పినవాణ్ణి నేను."

పక్కనున్నవాళ్లు కూడా ఫోన్లు తీశారు. నిజమే, అందరి ఫోన్లలోనూ నొక్కు ఎడమ పక్కనే ఉంది. ఇంతమంది ఫోన్లు తప్పు చెబుతాయా?

"అంటే మనకి కొండ వెనక పక్క చూపిస్తున్నారన్నమాట," అన్నాడెవరో.

"ముందు పక్కకి వేరే దారుందేమో. పెద్దవాళ్లెవరైనా వస్తేనే చూపిస్తారు కాబోలు."

"ఇంత దూరం వచ్చింది వీపు చూడటానికా?"

రేంజరు బల్లెక్కి, కొండకు వీపు ఉండదనీ, ఇదే ముందు పక్క అనీ, తను ఉద్యోగంలో చేరినప్పట్నుంచీ నొక్కు అక్కడే ఉందనీ మొత్తుకున్నాడు. ఎవరూ వినలేదు. చివరికి దీనికంతటికీ మూలం ఏమిటా అని చూసి, తెర దగ్గరికొచ్చాడు.

"ఎవరిదిది?"

"మాదేనండీ," అంది ఆవిడ. "అందరికీ గుడ్డని చెప్పాను."

"విన్నానమ్మా. అటునుంచి వస్తూ విన్నాను. కాని ఇలా కొండకి అడ్డంగా కట్టకూడదు, విప్పేయండి," అన్నాడు రేంజరు.

అంతటితో పోయేదే. ఈలోగా సర్వేయరు తెర ముందు నిలబడి, కొండ వంక చూసి, తెర వెనక్కి వెళ్లి, మళ్లీ ముందుకొచ్చి, మెల్లగా తల తిప్పాడు.

"బావగారూ, ఇది తిరగేసి ఉంది. అద్దంలో చూసినట్టు. మీరే తీసుంటే ఇలా ఎందుకుంటుంది?"

తాడు ముడి విప్పుతున్న భార్య చెయ్యి ఆగిపోయింది. నవ్వండిగారు కళ్లు మూసుకున్నారు. మూసుకోగానే బస్టాండు వెనక సందు, ఆ షాపాయన మొహం, అతనన్న మాట అన్నీ గుర్తొచ్చాయి.

"స్టూడియోలో పెద్ద లైటు ఎటువైపుందయ్యా?" అని అడిగారు కళ్లు తెరిచి.

"కుడి పక్క."

"మనిషి మీద వెలుగు కుడి పక్క నుంచి పడుతుంది. కొండ మీద చూడు, ఎండ ఎడమ నుంచి పడుతోంది. రెండూ కలవకపోతే మనిషిని కొండ మీద అతికించినట్టుంటుంది. అందుకని తిప్పి అచ్చు వేయించాను. ఏ స్టూడియోలో అయినా ఇదే పద్ధతి."

ఆ రోజు ఆయన చెప్పినవాటిలో అదొక్కటే నిఖార్సైన నిజం. నిజానికుండే బలమే వేరు. సర్వేయరు తల ఊపాడు. భార్య మొహం మళ్లీ విచ్చుకుంది. అక్కడికి ఆగిపోయి ఉంటే నవ్వండిగారి జీవితం హాయిగా గడిచిపోయేది. కాని లెక్కల మనిషి తాళం చెవి దొరికాక తలుపు తీయకుండా ఉంటాడా. మ్యాపు బల్ల మీద పరిచాడు, ఈసారి కుడి ఎడమలు మార్చి గీతలు గీశాడు. గీతలన్నీ వచ్చి ఒక్క చుక్క దగ్గర కలిశాయి. అతను చుక్క వంక చూశాడు. తలెత్తి లోయ అవతలికి చూశాడు. పెన్సిలు చేతిలోంచి జారి పడింది.

"అక్కా," అన్నాడు, ఎప్పుడూ లేనంత మెత్తగా. "బావగారు దారి పక్క బండ మీద నిలబడలేదు."

"మరి?"

"అదిగో, అక్కడ."

అందరూ అటు చూశారు. లోయ మధ్యలో ఒంటరిగా, చుట్టూ పట్టు దొరకని నున్నటి రాయితో, ఓ స్తంభం నిలబడి ఉంది. దాని నెత్తి మీద మేఘం ముక్క ఒకటి ఆగి విశ్రాంతి తీసుకుంటోంది.

"సరిగ్గా ఆ కొస మీద. మూరెడు తేడా లేదు," అన్నాడు సర్వేయరు. తర్వాత బావగారి దగ్గరికొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఇన్నేళ్లు మిమ్మల్ని అనుమానించాను బావగారూ. క్షమించండి. అంత ఎత్తు ఎక్కి, అక్క భయపడుతుందని దారి పక్కనే నిలబడ్డానని చెప్పారా?"

వరసలోని జనం చప్పట్లు కొట్టారు. హెడ్మాస్టరు టోపీ తీశాడు. చప్పట్లు కొట్టనివాడు రేంజరొక్కడే.

"ఆ స్తంభం ఎక్కడం మొదట్నుంచీ నిషేధం," అన్నాడతను. "పైన గద్దలు గూళ్లు పెట్టుకుంటాయి. ఎక్కినవాళ్ల ఫొటో గేటు దగ్గర బోర్డు మీద పెడతాం, అందరికీ తెలిసేలా. ఎప్పుడు ఎక్కినా నేరం నేరమే. ఆఫీసుకి రండి, ఫొటో తీయాలి."

గేటు దగ్గర ఆ బోర్డును నవ్వండిగారు వస్తూ చూశారు. వరసగా దొంగమొహాలు, ఒక్కటీ నవ్వడం లేదు. ఇన్నేళ్లు గొంతులోనే నొక్కిపెట్టిన మాట, జనం ముందు, రేంజరు ముందు, భార్య ముందు, ఒక్కసారిగా బయటికొచ్చేసింది.

"నేను ఎక్కలేదండీ. అసలు ఈ ఫొటో నేను తీయలేదు. షాపులో కొన్నాను."

అనేశాక భార్య వైపు చూసే ధైర్యం చాలలేదు. అయిపోయింది, అనుకున్నారు. విచిత్రంగా గుండె మీంచి బరువు దిగినట్టు కూడా అనిపించింది.

"పట్టుబడ్డ ప్రతివాడూ ఇంతే," అన్నాడు రేంజరు. "పోయినసారి ఒకాయన్ని స్తంభం సగంలో పట్టుకున్నాం. నేను ఎక్కలేదు, దిగుతున్నానంతే అన్నాడు. నడవండి."

"నిజమండీ, నా మాట నమ్మండి."

"మీ బావమరిది లెక్క నమ్మాలా, మీ మాట నమ్మాలా?"

"నా లెక్క తప్పదు," అన్నాడు సర్వేయరు గర్వంగా. అన్న మరుక్షణం అబ్బా అన్నాడు. అక్క అతని కాలు తొక్కింది.

ఆవిడ ముందుకొచ్చి రేంజరు ఎదురుగా నిలబడింది. మొహం పాలిపోయి ఉంది. కొంగు కొసను వేలికి చుట్టుకుంటోంది. కౌంటరు వెనక ఎంతమందితో ఎన్ని నిజాలు చెప్పినా ఆవిడకి కొంగు పట్టుకోవాల్సిన అవసరం ఎన్నడూ రాలేదు.

"ఆయన చెప్పేది నిజమేనండీ," అంది. "ఈ తెర కొన్నదే. మా ఊళ్లో బస్టాండు వెనక సందులో తెరలమ్మే షాపుండేది. ఇప్పుడు లేదు, మూసేశారు. అక్కడ జలపాతాలు, పూలతోటలు చాలా చూపించారు. ఈయన ఏదీ నచ్చక, ఆఖరికి ఇది ఎంచుకున్నారు. మా లైటు కుడి పక్కనుందంటే ఆ షాపాయనే తిప్పి వేసిస్తానన్నాడు. ఈయన ఎక్కే మనిషి కాదండీ. ఇంట్లో మేడ మెట్లెక్కినా ఆయాసమే."

నవ్వండిగారు ఒక్కో మాటనీ మనసులో సరిచూసుకున్నారు. జలపాతం నిజం. పూలతోట నిజం. షాపాయన మాట నిజం. అక్షరం పొల్లు పోలేదు. ఈవిడకి ఇవన్నీ ఎవరు చెప్పారు?

రేంజరు మీసం సవరించుకుంటూ ఆవిడ మొహం చూశాడు.

"గుడ్డను గుడ్డని వరసలో ప్రతివాడికీ చెప్పిన మనిషివమ్మా నువ్వు. నువ్వు చెబితే నమ్ముతాను. తెర విప్పుకుని బయల్దేరండి."

వెళ్లేముందు నవ్వండిగారు కెమెరా తీసి కొండను ఒక్క ఫొటో తీశారు. అది మాత్రం ఎవరడిగినా తనే తీశానని చెప్పుకోవచ్చు.

తిరుగుదారిలో తెర మళ్లీ అద్దం మీదికి వేలాడింది. సర్వేయరు వెనక సీట్లో మ్యాపు ఒళ్లో పెట్టుకుని, బావగారి వెనక తలను భక్తిగా చూస్తున్నాడు. ఊరి దీపాలు కనపడ్డాక ఆవిడ కళ్లు ఒత్తుకుంది.

"నా జీవితంలో మొదటి అబద్ధమండీ. నోటికొచ్చినట్టు అల్లేశాను. ఎక్కడినుంచి వచ్చాయో ఆ మాటలు. తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తోంది. మీ మొహం ఆ బోర్డు మీద ఎలా చూడను?"

ఆయన కారు పక్కకి ఆపారు. ఇంక దాచడానికి మనసొప్పలేదు.

"నువ్వు అబద్ధం ఆడలేదు. నువ్వన్నదంతా నిజం. నేను నిజంగానే కొన్నాను. ఆ సందులోనే. జలపాతం కూడా చూపించాడు."

ఆవిడ ఆయన వంక చూసింది. కొత్త పెళ్లికూతురిగా స్టూడియోలో చూసిన అదే చూపు, కాకపోతే ఇప్పుడు ఇంకా పెద్దగా ఉన్నాయి కళ్లు.

"నా మనసు కుదుటపడాలని ఇప్పుడు నాకూ అబద్ధం చెబుతున్నారా?" అంది. "ఊరుకోండి. రేంజరు ఇక్కడ లేడుగా."

"ఒట్టు, నిజం."

"లెక్క నా చేతిలో ఉంది బావగారూ," అన్నాడు సర్వేయరు వెనకనుంచి, ఎంతో గౌరవంగా.

నవ్వండిగారు కారు స్టార్టు చేశారు. జీవితంలో ఆడిన ఆ ఒక్క అబద్ధాన్నీ తలుచుకుని ఆవిడ ఇప్పటికీ అప్పుడప్పుడూ బాధపడుతూ ఉంటుంది. అందులో అబద్ధం ముక్క కూడా లేదని తెలిసినవారు లోకంలో ఒక్కరే ఉన్నారు, ఆ ఒక్క విషయంలో ఆయన మాట ఆవిడ చచ్చినా నమ్మదు.